గడప దాటాం సరే, రోడ్డు దాటేదెలా?

మొన్నొక సాయంత్రం ఎల్బీనగర్‌లో ఫ్లైఓవర్ కిందికి దిగేచోట మా అత్తమ్మ చెయ్యి పట్టుకుని 17 నిమిషాలు నిలబడ్డాను. "చాలాసేపు" అని రాస్తే ఆడవాళ్ళ అతిశయోక్తి అంటారని గడియారం చూసుకుని మరీ చెబుతున్నాను. ఆవిడకి 74 ఏళ్ళు. మోకాళ్ళు అరిగిపోయాయి. అవతలి పక్కన కళ్ళ డాక్టరు బోర్డు కనబడుతూనే వుంది. రెండడుగులు వేయడం, హారన్ మోగగానే వెనక్కి రావడం. నాలుగుసార్లు ఇదే అయ్యాక ఆవిడ నావైపు తిరిగి, "ఏంది బిడ్డా, వీళ్ళు యాడన్న ఒక్కకాడ ఆగరా?" అని అడిగింది.

ఆగరత్తమ్మా. వాళ్ళు ఎక్కడా ఆగకూడదనే కదా ఇంత డబ్బు పోసి ఇవన్నీ కట్టింది.

చివరికి ఒక ఆటో ఎక్కి, ఎక్కడో యూటర్న్ తీసుకుని, 60 రూపాయలిచ్చి రోడ్డుకి అవతలి పక్కన దిగాం. రోడ్డు దాటడానికి ఆటో! అప్పటికి డాక్టరు వెళ్ళిపోయాడు.

ఇది మా ఇంటి గొడవ అయితే ఇంట్లోనే మాట్లాడుకునేదాన్ని. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా వున్న ఈ రోడ్డు మీద రోజూ నడిచే ఆడవాళ్ళని అడగండి, ఒక్కొక్కరి దగ్గర ఇలాంటివి పదేసి వుంటాయి. కానీ అవి ఎక్కడా నమోదు కావు. నమోదయ్యేది రిబ్బన్ కత్తిరింపు. ఆ లెక్క నా దగ్గర వుంది. 2018లో చింతలకుంట అండర్‌పాస్, కామినేని దగ్గర ఫ్లైఓవర్. 2019 మార్చి 1న ఎల్బీనగర్ ఎడమవైపు ఫ్లైఓవర్. 2020లో ఎల్బీనగర్ అండర్‌పాస్, బైరామల్‌గూడ ఫ్లైఓవర్. 2022లో నాగోల్. 2023 మార్చి 25న ఎల్బీనగర్ కుడివైపు ఫ్లైఓవర్. 2024 మార్చి 9న బైరామల్‌గూడలో రెండో అంతస్తు ఫ్లైఓవర్. మధ్యలో ప్రభుత్వం మారింది. కత్తెర చేతులు మారింది. రిబ్బన్ మాత్రం అదే.

వీటన్నిటికీ కలిపి ఒక పెద్ద పథకం పేరు వుంది, వ్యూహాత్మక రహదారుల అభివృద్ధి పథకం. దాని గురించి చెప్పుకునే గొప్ప ఒక్కటే, "సిగ్నల్ ఫ్రీ". ఈ మాట దగ్గర కాస్త ఆగుదాం, ఎందుకంటే నా తగువంతా దీంతోనే. ఎర్రలైటు అంటే కారులో కూర్చున్నవాడికి విసుగు. నడిచే మనిషికి మాత్రం అదొక్కటే రక్షణ. నువ్వెవరివి, నీ కులమేంటి, నీ మొగుడెవరు అని అడక్కుండా, ముసలిదానికైనా గర్భిణికైనా నెత్తిన తట్ట పెట్టుకున్నామెకైనా ఎదురుగా వస్తున్న బండిని ఆపి దారిచ్చే వస్తువు ఈ నగరంలో అదొక్కటే. సిగ్నల్ లేని జంక్షన్ అని గొప్పగా చెప్పుకోవడమంటే, నడిచేవాళ్ళ వంతు రద్దు చేశామని గొప్పగా చెప్పుకోవడమే. ఎవరినీ అడక్కుండా రద్దు చేశారు. ఆ రద్దుకి ప్రారంభోత్సవం కూడా చేశారు.

ట్రాఫిక్ జామ్‌లో అంబులెన్సులు ఇరుక్కోవా అని అడుగుతారు. ఇరుక్కుంటాయి. నేనేం ఫ్లైఓవర్లన్నీ పడగొట్టమనడంలేదు. మా ఇంట్లోనూ కారుంది. మావారు నడుపుతుంటే ఆ పైన గాలి కొట్టుకుంటూ పోవడం నాకూ హాయిగానే వుంటుంది, దాచుకోవడమెందుకు. నేనడిగేది వేరు. పైన పోయేవాడికి అయిదు నిమిషాలు మిగిల్చారు. కింద నిలబడ్డ మనిషి దగ్గర 17 నిమిషాలు తీసుకున్నారు. ఈ రెంటినీ ఒకే కాగితం మీద రాసిన ఇంజనీరు ఎవరైనా వున్నారా?

లేరు, వుండరు. ఎందుకో తర్వాత తెలిసింది. రోడ్డు ఎంత వెడల్పు కావాలో, ఫ్లైఓవర్ కావాలో వద్దో తేల్చడానికి బళ్ళని లెక్కపెడతారు. ఆ లెక్కకి కొలమానం కారు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1990లో పట్టణ రోడ్లకోసం ఇచ్చిన పట్టికలో కారు ఒకటి. మోటారు సైకిలు అరా ముప్పావు. బస్సు రెండు నుంచి మూడున్నర పైచిలుకు. తోపుడుబండి రెండు నుంచి మూడు, ఎందుకంటే అది మెల్లగా పోతుంది, కార్లకి అడ్డం. బస్సులో 60 మంది ఆడవాళ్ళు కిక్కిరిసి నిలబడ్డా ఆ పట్టికలో మూడు నాలుగు కార్లతో సమానం. ఇక నడిచే మనిషికి ఆ పట్టికలో అంకెే లేదు. అరటిపళ్ళ బండి తోసుకుంటూ పోయే ఆడమనిషి ఎంత అడ్డమో లెక్క వుంది. బండి వదిలేసి నడిస్తే ఆమె సున్నా కూడా కాదు, పట్టికలోనే లేదు.

ఇంటిచాకిరీ జాతీయాదాయంలో లెక్కకి రాదని మనం ఎన్ని సభల్లో మాట్లాడుకోలేదు! ఇదీ దాని తోబుట్టువే. ఇంట్లో చేసే పని లెక్కకి రాదు, ఆ పనికోసం చేసే నడకా లెక్కకి రాదు. మగవాడి ప్రయాణం ఎక్కువగా ఇల్లు, ఆఫీసు, మళ్ళీ ఇల్లు. మన ప్రయాణం అలా వుండదు. పిల్లని బడిలో దించి, కూరగాయలు కొని, మందుల షాపులో ఆగి, అత్తగారి రిపోర్టు తీసుకుని, బస్సెక్కి ఉద్యోగానికి పోవాలి. వంకర్లు తిరిగే ఈ చిన్న చిన్న నడకలకి ఫ్లైఓవర్ దేనికి పనికొస్తుంది? అది ఎక్కిన చోటునుంచి దిగిన చోటుకి తీసుకుపోతుంది, అంతే. మధ్యలో వున్న మన బతుకు మొత్తం దాని కిందే వుంటుంది. విజయవాడ వెళ్ళే జాతీయ రహదారి, ఉప్పల్ నుంచి వచ్చే రింగురోడ్డు, పక్కనే సాగర్ రోడ్డు. ఈ దారులన్నీ మా దగ్గర కలుస్తాయి కాబట్టి మా పేట ఎప్పుడూ ఎవరో ఎక్కడికో పోయే దారే. సంక్రాంతి వస్తే ఎల్బీనగర్ పేరు పేపర్లో పడుతుంది, ఊళ్ళకి పోయేవాళ్ళ రద్దీ అని. ఇక్కడే వుండేవాళ్ళ గురించి మాత్రం రాయరు.

నేనీ పేటకి 1996లో వచ్చాను, చేతిలో ఒక ట్రంకుపెట్టెతో, దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక ఆడపిల్లల హాస్టలుకి. నల్గొండ, మహబూబ్‌నగర్, గుంటూరు, ఖమ్మం, ఎక్కడెక్కడినుంచో కోచింగ్‌కని వచ్చిన పిల్లలం. గదికి ఆరుగురం. మాలో చాలామందికి రోడ్డు మీద ఒంటరిగా నడవడం అదే మొదటిసారి. కోణార్క్ థియేటర్ దాకా నడిచి మిర్చి బజ్జీలు తిని రావడం, రెండు రూపాయల పూలు కొనుక్కోవడం, ఏ పనీ లేకుండా షాపుల అద్దాలు చూస్తూ నిలబడడం. వర్జీనియా వుల్ఫ్ 1927లో రాసిన ఒక వ్యాసంలో పెన్సిల్ కొనుక్కునే సాకుతో లండన్ వీధుల్లో తిరగడానికి బయల్దేరుతుంది. అది చదివినప్పుడు నాకు దిల్‌సుఖ్‌నగరే గుర్తొచ్చింది. మాకు పెన్సిల్ బదులు పిన్నీసులు. ఇప్పటికీ ఆ సందుల్లో హాస్టళ్ళు అలాగే వున్నాయి, అలాగే పిల్లలు వస్తున్నారు. వాళ్ళకి నడవడానికి మిగిలింది మాత్రం రోడ్డు అంచున పార్క్ చేసిన మోటారు సైకిళ్ళకీ కదిలే బస్సుకీ మధ్య వున్న జానెడు జాగా.

ఫుట్‌పాత్ లేదా అంటే, కాగితం మీద వుంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెసే 2012లో పాదచారుల కోసం ఇచ్చిన మార్గదర్శకాల్లో, కాలిబాట మీద ఏ అడ్డూ లేకుండా కనీసం 1.8 మీటర్ల వెడల్పు, 2.2 మీటర్ల ఎత్తు వుండాలంది. గట్టు 15 సెంటీమీటర్లకి మించకూడదంది. వీలైనంతవరకు మనుషుల్ని నేలమీదే దాటనివ్వాలంది. 2025 మే 14న సుప్రీంకోర్టు, సరైన ఫుట్‌పాత్ మీద నడిచే హక్కు రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమని చెప్పింది. చదివి సంతోషపడ్డాను. ఆ వానాకాలంలోనే ఎవరో తవ్వి మూత పెట్టకుండా వదిలేసిన ఫుట్‌పాత్ గుంటలో నా కాలు దిగబడింది. మడమ విరిగి ఆరువారాలు కట్టు. జీవించే హక్కు అలా మంచం మీద అనుభవించాను.

ఆ కట్టు విప్పాక నలుగురం కలిసి ఒక ఆఫీసుకి వెళ్ళాం. పేరెందుకులెండి. అక్కడొకాయన మర్యాదగానే కూర్చోబెట్టాడు. "రోడ్డు దాటడానికి ఫుట్ ఓవర్ బ్రిడ్జిలున్నాయి గదా మేడమ్, మెట్రో స్టేషనెక్కి కూడా దిగొచ్చు, టికెట్ అక్కర్లేదు" అన్నాడు. నిజమే, దిగొచ్చు. కానీ ఆలోచించండి. ఏసీ కారులో కూర్చుని, కాలి బొటనవేలు నొక్కితే ముందుకు పోయేవాడు నేలమీద సాఫీగా పోవాలట. మోకాళ్ళు అరిగిన ముసలమ్మ, చంకలో పిల్లనెత్తుకున్న తల్లి, రెండు చేతుల్లో సంచులున్న పనిమనిషి రెండంతస్తులు ఎక్కి దిగాలట. లిఫ్టు వుంటే అది పనిచేయాలి. రాత్రి తొమ్మిదింటికి ఆ మెట్లమీద దీపం వుండాలి, ఎవరూ కాచుక్కూర్చోకూడదు. ఇన్ని "వుంటే"లు దాటాక కదా రోడ్డు దాటేది. మెట్లెక్కాల్సింది బలహీనులా, ఆగాల్సింది బలవంతులా? ఈ ప్రశ్న ఆయన్ని అడిగితే నవ్వాడు. ఆడవాళ్ళు మరీ సెంటిమెంటల్‌గా ఆలోచిస్తారన్నట్టు.

ఇక్కడ మనమీద కూడా ఒక మాట అనుకోవాలి. "ఫుట్‌పాత్‌లు కావాలి" అని మనలాంటి చదువుకున్న ఆడవాళ్ళం అర్జీ పెట్టినప్పుడల్లా జరిగేదేంటి? మర్నాడు ఒక వ్యాను వస్తుంది. సాయిబాబా గుడి దగ్గర పూలమ్మే ఆమె బుట్ట, కొత్తపేటలో జామకాయలమ్మే ఆమె తక్కెడ ఎత్తి అందులో పారేస్తుంది. పాదచారులకోసమే అంటారు. అంటే మన పేరు మీద! నేను అర్జీ పెట్టిన సంగతి తెలిసి, పదేళ్ళుగా నాకు పూలిచ్చే ఆమె మూర మల్లెలు కొలుస్తూ అన్నది నాకు ఇప్పటికీ చెవిలో మోగుతోంది. "నీకు నడవనీకి జాగ గావాలె. నాకు కూసోనీకి జాగ గావాలె. మనిద్దరి జాగ ఎవడు మింగిండో సూడరాదు మేడమ్?"

చూశాను. ఆ రోజే నడుచుకుంటూ చూశాను. షోరూముల మెట్లు ఫుట్‌పాత్ మీదికి దిగి వున్నాయి. సెల్లార్‌లోకి కార్లు దిగడానికి వేసిన ర్యాంపులు అడుగడుక్కీ గట్టుని కోసేశాయి. సెల్లార్లో కార్లకి బదులు దుకాణాలున్నాయి, కార్లు రోడ్డెక్కాయి. ట్రాన్స్‌ఫార్మర్లు, హోర్డింగు స్తంభాలు, అద్దెకి తీసుకున్నట్టు వరసగా మోటారు సైకిళ్ళు. వీటన్నిటి మధ్య పూలామె ఆక్రమించుకున్నది ఒక పీట, ఒక బుట్ట. వ్యానులో ఎక్కించగలిగింది మాత్రం ఆ రెంటినే.

వీధి వ్యాపారుల రక్షణకి 2014లో పార్లమెంటు చట్టం చేసింది. సర్వే పూర్తయి, గుర్తింపు పత్రాలు ఇచ్చేదాకా ఎవర్నీ తొలగించకూడదని అందులో వుంది. పట్టణ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం మంది వ్యాపారుల ప్రతినిధులే వుండాలని, వాళ్ళల్లో మూడోవంతు స్త్రీలు వుండాలని వుంది. పూలామెకి ఈ సంగతి చెబితే, "ఆ మీటింగు ఏడైతదంట, పిలుస్తరా?" అని అడిగింది. నడిచే ఆడదానికీ కూర్చుని అమ్మే ఆడదానికీ తగువు పెట్టి, ఆ ఇద్దరి జాగా కారుకిచ్చే న్యాయం ఇది. పైగా రాత్రి ఎనిమిదింటికి ఆ సందులో నేను ధైర్యంగా నడవగలిగేది ఆ పూలామె అక్కడ కూర్చుని వుండబట్టే. ఆమె బుట్ట మీది ఎల్‌ఈడీ బల్బు వెలుగులోనే.

దీపం సంగతి వచ్చింది కాబట్టి భద్రత గురించి రెండు మాటలు. ఈ పేట మీద మూడుసార్లు బాంబు గురిపెట్టారు. 2002లో సాయిబాబా గుడి దగ్గర. 2007 ఆగస్టు 25 రాత్రి ఫుట్ ఓవర్ బ్రిడ్జి కింద, అది పేలలేదు. 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం బస్టాపు దగ్గర, బజ్జీల కొట్టు దగ్గర సైకిళ్ళకి కట్టినవి పేలాయి. చనిపోయినవాళ్ళల్లో కోచింగ్‌కి వచ్చిన పిల్లలున్నారు. సినిమాకి పోయేవాళ్ళో, బస్సుకోసం నిలబడ్డవాళ్ళో, నడిచేవాళ్ళు. అదే కాలంలో నిర్భయ నిధి వచ్చింది, సేఫ్ సిటీ అని ఎంపిక చేసిన ఎనిమిది నగరాల్లో మనది ఒకటి. కెమెరాలు వచ్చాయి. కెమెరా మీద నాకు కోపం లేదు. కానీ అది మన కింద పడడాన్ని చూస్తుంది, పడకుండా ఆపదు. వెలుతురు, మనుషులు తిరిగే ఫుట్‌పాత్, నీడ వున్న బస్టాపు, శుభ్రంగా వుండే మూత్రశాల, ఇవి అడిగితే మన భద్రతకి సంబంధం లేని విషయాల్లా చూస్తారు.

బస్టాపు అంటే గుర్తొచ్చింది. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట నుంచి ఎల్బీనగర్‌కి మెట్రో మొదలైంది. 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్ళకి ఆర్టీసీ బస్సులు ఉచితం. ఫలితం ఏమిటంటే, జీతం బాగా వున్నవాళ్ళం మెట్రోలో పైన పోతున్నాం, మిగతావాళ్ళు ఆ స్తంభాల పక్కన బస్సుకోసం నిలబడుతున్నారు. ఉచిత బస్సు మంచి నిర్ణయం, దాన్ని ఎగతాళి చేసేవాళ్ళతో నేను జట్టు కట్టను. కానీ బస్సు ఎక్కేదాకా, దిగాకా నడవాలి కదా? టికెట్ మాఫీ చేసినవాళ్ళు దారి వేయడం మరిచిపోయారు.

పళ్ళ మార్కెట్ సంగతి కూడా అంతే. గడ్డిఅన్నారం మార్కెట్‌ని 2021లో మూసి బాటసింగారం తరలించారు, ఔటర్ రింగు రోడ్డు కూడా దాటాలి. ఆ జాగాలో పెద్దాసుపత్రికి 2022 ఏప్రిల్‌లో శంకుస్థాపన చేశారు. ఆసుపత్రి వద్దని ఎవరంటారు? కానీ తెల్లవారుజామున నడిచివచ్చి ఒక గంప పళ్ళు కొనుక్కుని పోయి అమ్ముకునే ఆడవాళ్ళు ఆ గంపతో బాటసింగారం ఎలా పోయివస్తారని ఏ ఫైల్లోనైనా ఒక్క వాక్యం రాసుంటారా? లారీలకి దారి బాగుంటుందని మాత్రం తప్పకుండా రాసుంటారు.

మరి మనవాళ్ళు లేరా అక్కడ? వున్నారు. 2007 ఏప్రిల్‌లో ఎల్బీనగర్, గడ్డిఅన్నారం సహా 12 మునిసిపాలిటీలను కలిపి గ్రేటర్ చేశారు. 2009లో గ్రేటర్ మొదటి మేయరు స్త్రీ. 2016 ఎన్నికల్లో అప్పటి 150 వార్డుల్లో సగం స్త్రీలకి ఇచ్చారు. 2021 ఫిబ్రవరిలో మేయరూ డిప్యూటీ మేయరూ ఇద్దరూ స్త్రీలే ఎన్నికయ్యారు. అయితే పెద్ద రోడ్ల నిర్ణయాలు వార్డులో జరగవు, కార్పొరేటరు చేతిలో వుండవు. ఆమె చేతికి కొబ్బరికాయ ఇస్తారు, కొట్టమని. వేదిక మీద ఆమె పక్కన భర్త నిలబడే వుంటాడు. అరకొర అధికారాన్ని మనకిచ్చి అసలు అధికారాన్ని పై అంతస్తుకి మార్చడం ఫ్లైఓవర్ లాంటి పనే. 2023లో ప్రారంభించిన ఎల్బీనగర్ ఫ్లైఓవర్‌కి మాల్ మైసమ్మ పేరు పెడుతున్నట్టు ప్రకటించారు. ఊరి పొలిమేర కాచే ఆడదేవత పేరు పైన. బోనం ఎత్తుకుని ఆ గుడికి పోవాలన్నా ఈ రోడ్డే దాటాలి.

ఇంకెక్కడా ఇలాగే వుంటుందా అంటే, వుండాల్సిన పనిలేదు. వియన్నాలో 1990ల నుంచి ఆడవాళ్ళు ఎలా నడుస్తారో అడిగి, చూసి, దాన్నిబట్టి కాలిబాటలు వెడల్పు చేశారు, దీపాలు పెట్టారు. సియోల్‌లో నగరం నడిబొడ్డున వున్న ఎత్తైన రహదారిని 2003లో కూల్చడం మొదలుపెట్టి, 2005కల్లా కిందవున్న వాగుని, వాగు పక్కన నడకదారిని జనానికి ఇచ్చారు. డబ్బున్న దేశాలు అంటారేమో. ఎర్రలైటుకి ఎంతవుతుంది? ఫ్లైఓవర్ స్తంభానికి వేసే రంగుకంటే తక్కువే అవుతుందని నా అనుమానం.

ఇక మన సంగతి, అంటే రాసేవాళ్ళ సంగతి. 1993లో 'నీలి మేఘాలు' వచ్చినప్పటి నుంచి, అంతకు ముందు నుంచీ, గడప దాటడం గురించి మనం ఎన్ని కవితలు, ఎన్ని కథలు రాశాం! నేనూ రాశాను. గడప దాటగానే ఆకాశం వుంటుందని రాశాను. గడప దాటగానే వుండేది మూత లేని మ్యాన్‌హోల్ అని రాయడానికి నాకు మడమ విరగాల్సివచ్చింది. మురికికాలవలు, గట్టు ఎత్తు, సిగ్నల్ సెకన్లు ఇవి సాహిత్యం కావని, మగవాళ్ళు చూసుకునే సివిల్ పనులని మనమే అనుకున్నాం. వంటింట్లో గట్టు ఎత్తు గురించి ఎంత బాగా రాశాం, ఫుట్‌పాత్ గట్టు ఎత్తు ఎందుకు రాయం? ఆ పట్టికల్ని తయారుచేసేవాళ్ళకి మన కథలు తెలియవు, మనకి వాళ్ళ పట్టికలు తెలియవు. వాళ్ళకి అది ఎంత సుఖమో!

నేను మొదలుపెట్టాను. సిగ్నల్ దగ్గర మనిషి దాటడానికి ఎంత సమయం ఇవ్వాలో లెక్కకట్టేటప్పుడు ఇంజనీర్లు నడక వేగం సెకనుకి 1.2 మీటర్లని తీసుకుంటారు. మొన్న ఆదివారం మా అపార్ట్‌మెంట్ కారిడార్లో టేపుతో పది మీటర్లు కొలిచి, సుద్దతో గీతలు గీసి, అత్తమ్మని నడవమన్నాను. "ఇదేం పరీచ్చే నాకు" అని నవ్వుతూనే గోడ పట్టుకోకుండా నడిచింది. 18 సెకన్లు పట్టింది. వాళ్ళ లెక్కలో తొమ్మిది సెకన్లు కూడా పట్టకూడదు. పక్క ఫ్లాట్లో ఎనిమిదో నెల గర్భిణి వుంది, ఆమెకి 12. పనిచేసే ఆమె బియ్యం సంచి నెత్తిన పెట్టుకుని 11. పూలామె కూడా నడుస్తానంది, వచ్చే ఆదివారం. ఇవన్నీ ఒక నోటుబుక్కులో రాస్తున్నాను, పేర్లు లేకుండా, వయసు, మోస్తున్న బరువు, సెకన్లు మాత్రం. మీరూ మీ వీధుల్లో కొలిచి పంపండి.

ఈసారి ఆ ఆఫీసుకి పోయినప్పుడు అర్జీ తీసుకుపోను, ఈ నోటుబుక్కు తీసుకుపోతాను. మేం దాటే చోట రోడ్డు 25 మీటర్లు. అత్తమ్మ నడకతో 45 సెకన్లు. అన్నిసేపు బళ్ళని ఆపే ఎర్రలైటు కావాలని అడుగుతాను, పగలూ రాత్రీ, నేలమీద.